రంగంలో దొరికిన పేరు

గోడ మీద ఓ సిపాయి ఫోటో. ఆయన ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. ఏ పటాలంలో పనిచేశాడో, ఎక్కడ పోయాడో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఒక్క ముక్క తెలుసుకోవడానికి ఓ కుటుంబం గోదావరి జిల్లా నుంచి బెంగళూరుకీ, అక్కణ్నుంచి బర్మాకీ ప్రయాణం కట్టింది.

దండ లేని ఫోటో

పశ్చిమగోదావరి జిల్లాలో ఓ కాలవ గట్టు. ఆ పక్కనే పాత పెంకుటిల్లు. వీధి అరుగు దాటి లోపలికి వెళ్తే నడవ గోడ నిండా ఫోటోలే. తాతలు, ముత్తాతలు, పెదనాన్నలు... అన్నిటికీ గంధపు చెక్క దండలు వేలాడుతుంటాయి. ఒక్క ఫోటోకే దండ లేదు. అందులో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు. ఖాకీ చొక్కా, నడుముకి వెడల్పాటి బెల్టు, మోకాళ్ళ దాకా నిక్కరు, పిక్కలకు చుట్టిన పట్టీలు. చేతి మీద ఒకే ఒక్క గీత. నెత్తిన ఓ వింత టోపీ... వడ్లు కొలిచే కుంచాన్ని బోర్లించినట్టు!

ఆ ఇంటి పెద్దావిడకి ఆయన కన్నతండ్రి. ఆమె పుట్టింది 1942లో. అప్పటికే ఆయన పటాలంలో ఉన్నాడు. కూతురు పుట్టిందన్న కబురు ఆయనకు అందిందో లేదో తెలియదు. తిరిగి మాత్రం రాలేదు.

'మీ నాన్న రంగంలో పోయాడే' అనేది అమ్మ. అంతకుమించి ఒక్క మాట చెప్పేది కాదు.

కోస్తా జిల్లాల్లో పాతతరం వాళ్ళకి రంగం అంటే రంగూన్. ఓడెక్కి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి పనికి వేలమంది వెళ్ళిన ఊరు. యుద్ధం జరిగే చోటుని కూడా రంగమనే అంటారు. అమ్మ చెప్పింది ఏ రంగం గురించో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఇంకో మాట అనుకునేవారు. 'రంగం వెళ్ళినవాళ్ళు కొందరు అక్కడే ఇంకో కాపురం పెట్టారు. ఈయనా అంతేనేమో' అని. తంతి వచ్చిందనీ, మామగారు దాన్ని చూరులో దోపి ఎవరికీ చెప్పలేదనీ కొందరు. అసలేమీ రాలేదని ఇంకొందరు. అమ్మ ఎవరితోనూ వాదించలేదు. కడదాకా బొట్టు తీయలేదు. ఫోటోకి దండ వేయనివ్వలేదు.

ఆయన చనిపోయాడా... వదిలేసి వెళ్ళిపోయాడా? డెబ్భై ఏళ్ళు దాటినా ఆ ఇంట్లో జవాబు లేని ప్రశ్న అదొక్కటే.

2017 సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయిస్తూ ఫోటోలన్నీ దించారు. సిపాయి ఫోటో వెనక అట్టని చెదలు తినేసింది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మనవడు పండక్కి వచ్చి ఉన్నాడు. మేకులు ఊడదీసి, అట్ట తొలగించి, ఫోటోని వెనక్కి తిప్పాడు. సగం చెరిగిపోయిన రబ్బరు ముద్ర. అది ఏ స్టూడియోనో తెలియడం లేదు. కింది వరస మాత్రం చదవొచ్చు... బెంగళూరు కంటోన్మెంట్!

'అమ్మమ్మా, ఇది రంగంలో తీసింది కాదు. మా బెంగళూరులో తీసింది' అన్నాడు.

అక్కడ మొదలైంది ప్రయాణం.

సిపాయిల ఊళ్ళో

ఫోటో మొదట చేరిన మజిలీ, తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. రికార్డుల్లో మాధవరమేగానీ చుట్టుపక్కల అందరికీ అది మిలిటరీ మాధవరం. రెండు ప్రపంచయుద్ధాలకీ సిపాయిల్ని పంపిన ఊరు. స్వాతంత్య్రం వచ్చాక జరిగిన యుద్ధాల్లోనూ ఆ ఊరివాళ్ళున్నారు. ఇంటికొక సిపాయి అనేంతగా సైన్యంతో పెనవేసుకున్న బతుకులు. ఊళ్ళో అమరవీరుల స్మారక స్తూపం ఉంది. ఏ ఇంట్లోకి తొంగిచూసినా గోడ మీద ఖాకీ బట్టల్లో ఎవరో ఒకరు పలకరిస్తారు.

నిజానికి తెలుగువాళ్ళకి సిపాయి ఉద్యోగం కొత్తేం కాదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లిషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తలపడినప్పుడు రెండు పక్షాల్లోనూ మన దేశపు సిపాయిలున్నారు. మద్రాసు నుంచి క్లైవ్ వెంట బెంగాల్ వెళ్ళిన సిపాయిల వల్ల ఉత్తరాదిలో సిపాయికి 'తిలంగా' అన్న పేరే స్థిరపడిపోయింది. తెలుగు నేల పేరే ఆ ఉద్యోగానికి పేరైంది!

మాధవరంలో 1971 యుద్ధం చూసొచ్చిన ఓ మాజీ సైనికుడు ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

'మద్రాస్ రెజిమెంట్ అయ్యుంటుంది బాబూ. మనవాళ్ళు ఎక్కువమంది అందులోనే కదా' అన్నాడు. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపాడు. 'కానీ ఈ టోపీ మా పటాలంలో నేనెప్పుడూ చూళ్ళేదు. చేతి మీద గీత ఒక్కటే ఉంది... లాన్స్ నాయక్. రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. ముందు ఆ టోపీ ఎవరిదో కనుక్కో. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.'

ఛాతీ మీద ఒక్క పతకం కూడా లేదేమని అడిగాడు మనవడు.

'యుద్ధం మధ్యలో తీయించుకున్న ఫోటో అయ్యుంటుంది. ఆ పతకాలు చాలామందికి యుద్ధం అయ్యాకే చేతికొచ్చాయి. అప్పటిదాకా బతికుండాలిగా' అన్నాడు పెద్దాయన.

ఇదీ కాదు... అదీ కాదు

బెంగళూరు తిరిగొచ్చాక మనవడు ఒక్కో పటాలాన్నీ పక్కన పెట్టుకుంటూ వచ్చాడు.

మొదటిది మద్రాస్ రెజిమెంట్. దేశంలోకెల్లా పాతది. కానీ దాని చరిత్రలో ఓ ఖాళీ ఉంది. దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారన్న అపోహతో, ఖర్చు తగ్గించాలన్న లెక్కతో బ్రిటిష్ ప్రభుత్వం 1920లలో మద్రాసు పదాతి దళాల్ని ఒక్కొక్కటిగా రద్దుచేసింది. 1928 నాటికి రెగ్యులర్ బెటాలియన్లు ఒక్కటీ మిగల్లేదు. రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చాక 1941లో మళ్ళీ ఆ పటాలమే కావలసివచ్చింది! అప్పట్లో దాని శిక్షణ కేంద్రం కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో ఉండేది. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కి మారింది 1947లో. అంటే శిక్షణ కోసం బెంగళూరు రావాల్సిన పనిలేదు. అలాగని కాదనీ చెప్పలేం. యుద్ధకాలంలో బెంగళూరు పెద్ద సైనిక స్థావరం. ఏ పటాలంవాడైనా దారిలో దిగి ఫోటో తీయించుకోవచ్చు.

రెండోది మద్రాస్ పయనీర్లు. బెంగళూరులో బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు కలిసేచోట సన్నటి రాతి స్తంభం ఒకటి ఉంటుంది. బట్టల కొట్లకీ కాఫీ హోటళ్ళకీ వచ్చే జనం దాన్ని చూసుకోకుండానే దాటిపోతారు. మనవడూ రోజూ అలా దాటిపోయినవాడే. ఈసారి ఆగి చదివాడు. మొదటి ప్రపంచయుద్ధం లాంటి పోరాటాల్లో పోయిన మద్రాస్ పయనీర్ల స్మారకం అది. దారులు వేస్తూ, కందకాలు తవ్వుతూ, అవసరమైతే తుపాకీ పట్టిన దళం. మన సిపాయి కూడా వీళ్ళలో ఒకడేనా అనుకునేలోపే లెక్క తప్పింది. పయనీర్ల దళాన్ని 1933లోనే ఎత్తేశారు. ఫోటోలో ఉన్నాయన అప్పటికి బడికెళ్ళే పిల్లాడు.

ఇక మిగిలింది మూడోది.

కుంచం టోపీ పటాలం

బెంగళూరులో హలసూరు చెరువు అందరికీ తెలుసు. దాన్ని ఆనుకుని పెద్ద పెద్ద చెట్ల మధ్య మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ కేంద్రం ఉంది. పాత పేరు మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్. 1780లో పుట్టిన ఈ దళం 1834లో బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడింది. నదుల మీద వంతెనలు కట్టడం, శత్రువు పాతిపెట్టిన మందుపాతరల్ని వెతికి తీయడం వీళ్ళ పని. ముళ్ళకంచెల్ని పేల్చడానికి ప్రపంచమంతా వాడిన బెంగళూరు టార్పెడో 1912లో ఈ దళానికి చెందిన అధికారి చేతుల్లోనే తయారైంది. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో తోటివాళ్ళని కాపాడటానికి మందుపాతర మీదికి దూకి ప్రాణాలిచ్చి, మరణానంతరం జార్జ్ క్రాస్ పొందిన సుబేదార్ సుబ్రమణియన్ కూడా ఈ పటాలంవాడే.

అది సైనిక స్థలం కాబట్టి అనుమతి ఉంటేనే లోపలికి వెళ్ళేది. తెలిసినవాళ్ళ ద్వారా ఓ విశ్రాంత సుబేదార్ దొరికాడు. చిత్తూరు జిల్లా ఆయన. మనవడు సెల్‌ఫోన్లో ఫోటో చూపించాడో లేదో, నవ్వేశాడు.

'ఏమప్పా, దీనికోసమా ఇంత దూరం తిరిగినావు? ఇది దుప్టా. మా శాపర్లు తప్ప ఇంకెవరూ పెట్టుకోరు!'

ఏ గోడ మీద చూసినా అదే టోపీ. వందేళ్ళనాటి బృంద చిత్రాల్లో, కవాతు ఫోటోల్లో వరసలు వరసలుగా కుంచం టోపీలు! మాధవరం పెద్దాయన చెప్పింది నిజమే. టోపీ ఒక్కటే అన్ని చిక్కులూ విప్పింది.

పాత ఫోటో చేతబట్టుకుని వచ్చేవాళ్ళకి ఆ సుబేదార్ చెప్పే మాటలు అందరికీ పనికొచ్చేవే. ఫ్రేములోంచి తీసి వెనక భాగం చూడాలి. ఫోటోని స్కాన్ చేసి టోపీ, టోపీ మీది బిళ్ళ, భుజం మీది ఇత్తడి అక్షరాలు, చేతి గీతలు, బొత్తాలు పెద్దవిగా చేసి చూడాలి. బిళ్ళ మీద కిరీటం ఉంటే 1950 జనవరి 26కి ముందుది. నాలుగు సింహాలుంటే ఆ తర్వాతది. ఎవర్నైనా జమేదార్ అని పిలిచేవారంటే 1965కి ముందు సంగతి. ఆ తర్వాత ఆ హోదా నాయబ్ సుబేదార్ అయింది. కొన్ని పాత ప్లేట్ల మీద ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడేది. అందుకే రిబ్బన్ల రంగుల్ని ఊహించి పొరబడకూడదు.

పతకం మిగిలుంటే అంతకన్నా కావలసింది లేదు. మొదటి ప్రపంచయుద్ధం పతకాల అంచు మీద సిపాయి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. రెండో యుద్ధం పతకాలూ భారత సైనికులకి చాలావరకు పేరు చెక్కే ఇచ్చారు. చింతపండు వేసి తోమితే అక్షరాలు అరిగిపోతాయి. తోమకుండా భూతద్దం పెట్టి చదవాలి.

పటాలం పేరు విని మోసపోకూడదు కూడా. హైదరాబాద్ రెజిమెంట్ 1945లో కుమావ్ రెజిమెంట్ అయింది. దాని కేంద్రం ఇప్పుడు హిమాలయాల్లోని రాణీఖేత్‌లో ఉంది. నిజాం సొంత సైన్యం వేరు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలబడిన మూడు విగ్రహాల్లో ఒకటి మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్ళిన ఆ హైదరాబాద్ ఆశ్విక దళానికి గుర్తు.

'పటాలం తెలిస్తే ఏమొస్తుంది సార్?' అనడిగాడు మనవడు.

'పటాలం తెలియకపోతే ఏమీ రాదప్పా! ఆ రోజుల్లో సైన్యంలో పాతిక లక్షల మంది. ఎవరి కాగితాలు వాళ్ళ పటాలం దగ్గర. నీ ముత్తాత పేరున్నవాళ్ళు ఎంతమంది ఉంటారో లెక్కేసుకో!'

భార్య పేరు

రెండు ప్రపంచయుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల జాబితాలన్నీ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గరున్నాయి. ఇంటర్నెట్లో ఎవరైనా వెతుక్కోవచ్చు. మనవడు అంతకుముందూ వెతికాడు. ఉత్త పేరు కొడితే పేజీలకు పేజీలు వచ్చాయి. మన పేర్లని ఇంగ్లిషులో ఏ గుమాస్తా ఎలా రాసుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి! కొందరికి ఇంటిపేరే అసలు పేరైంది. కొందరికి ఇంటిపేరే లేదు. సీతయ్యలూ సూరయ్యలూ ఒకే పేరుతో పదుల సంఖ్యలో కనిపిస్తారు.

ఈసారి పటాలం పేరు ఇచ్చాడు. హోదా లాన్స్ నాయక్ అన్నాడు. జాబితా ఒక్కసారిగా కుదించుకుపోయింది. చివరికి ముగ్గురు మిగిలారు. వాళ్ళలో ఒకరి వివరాల చివర ఒక వరస ఉంది. అందరికీ ఉండదది. ఫలానా ఆయన కుమారుడు. ఫలానా ఆమె భర్త. ఫలానా ఊరు, పశ్చిమగోదావరి. చనిపోయింది 1944లో. సమాధి లేదు. పేరు ఉన్నది రంగూన్ స్మారకం మీద.

మనవడు ఫోన్ చేసి చదివి వినిపించాడు. అవతల చాలాసేపు మాటలేదు.

'మా అమ్మ పేరుందా?'

'ఉంది అమ్మమ్మా.'

'మళ్ళీ చదువు.'

రంగంలో...

2019 చలికాలంలో అమ్మమ్మా మనవడూ విమానం ఎక్కారు. ఆమెకి అప్పటికి డెబ్భై ఏడేళ్ళు. రంగూన్‌ని ఇప్పుడు యాంగోన్ అంటారు. ఊరు దాటి ఉత్తరంగా దాదాపు 35 కిలోమీటర్లు వెళ్తే తౌక్యాన్ యుద్ధ శ్మశానం వస్తుంది. శ్మశానమంటే భయపడేలా ఉండదు. కత్తిరించిన పచ్చిక, వరసలుగా చిన్న చిన్న పలకలు, ప్రతి పలక పక్కనా ఓ పూల మొక్క. అక్కడ 6,374 సమాధులున్నాయి. వాటి మధ్యలో బారులు తీరిన తెల్లటి స్తంభాలు. 1958లో ప్రారంభించిన రంగూన్ స్మారకం అదే. బర్మాలోనూ అస్సాంలోనూ చనిపోయి, సమాధి కూడా దక్కని దాదాపు 27,000 మంది పేర్లు ఆ స్తంభాల మీద చెక్కారు. తోటివాళ్ళకు జరిగిన అంత్యక్రియలు కూడా వీళ్ళకు జరగలేదన్న అర్థం వచ్చేలా ఓ మాట రాసి ఉంది. పేర్లని పటాలాల వారీగా, ఆ లోపల హోదాల వారీగా పేర్చారు. అంటే పటాలం తెలియనివాళ్ళు అన్ని స్తంభాల చుట్టూ తిరగాల్సిందే!

మనవడు శాపర్ల స్తంభం దగ్గర ఆగాడు. లాన్స్ నాయక్‌ల వరస మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. అమ్మమ్మకి ఇంగ్లిషు రాదు. 'ఏది?' అంది. ఆమె వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టాడు. ఒక్కో అక్షరం తడుముకుంటూ చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

'మా అమ్మ పేరు ఇక్కడ లేదా?'

'రాయి మీద చెక్కరు అమ్మమ్మా. పుస్తకంలో ఉంది' అంటూ వెంట తెచ్చిన కాగితం తీసి చదివాడు. ఇంగ్లిషులో ఒక అక్షరం తప్పు పడటంతో పేరు వేరేగా పలికింది. అమ్మమ్మ ఫక్కున నవ్వింది. 'మా అమ్మ పేరు కూడా సరిగ్గా రాయలేదే!' అంది. నవ్వుతూనే స్తంభానికి తల ఆనించి ఏడ్చింది.

1944లో రంగూన్ ఇంకా జపాన్‌వాళ్ళ చేతిలోనే ఉంది. ఇంగ్లిషు సైన్యం అందులో మళ్ళీ అడుగుపెట్టింది 1945 మే నెలలో. కాబట్టి ఆ లాన్స్ నాయక్ ప్రాణం పోయింది ఆ ఊళ్ళో అయ్యుండదు. అరకాన్ కొండల్లోనో, ఇంఫాల్ దారిలోనో ఏ వాగు పక్కనో పడిపోయి ఉంటాడు. మనిషి రంగం చేరలేదు. పేరు చేరింది. 'రంగంలో పోయాడే' అన్న అమ్మ మాటలో రెండు అర్థాలున్నాయి. ఆయన పోయింది యుద్ధరంగంలో. పేరు మిగిలింది రంగూన్‌లో. ఊరు అనుకున్న మూడో మాట ఒక్కటే అబద్ధం. వదిలేసి వెళ్ళినవాడైతే సైన్యం కాగితాల్లో తన పక్కన భార్య పేరు రాయించుకోడు.

ఇంటికొచ్చాక కొడుకులూ కోడళ్ళూ గంధపు చెక్క దండ కొని సిద్ధంగా ఉంచారు. అమ్మమ్మ వద్దంది. 'మా అమ్మ వేయనిది నేను వేయను' అంది. దానికి బదులు ఇంకో పని చేయించింది. తల్లి ఫోటో ఇంతకాలం ఎదుటి గోడ మీద ఉండేది. దాన్ని తీసి తండ్రి ఫోటో పక్కన పెట్టించింది. ఫోటోలో ఆమె నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. తర్వాత మనవణ్ని పిలిచి, తండ్రి ఫోటో కింద తెల్ల కాగితం అంటించి తెలుగులో రాయమంది. పేరు, నంబరు, పటాలం. ఏ ఊరో, ఏ ఏడో.

చివర్లో ఫలానా ఆమె భర్త అని కూడా రాయించింది. ఈసారి అక్షరం తప్పు పోకుండా పక్కనే నిలబడింది.